రేట్ల పేజీకి కాపలా

మనుషుల్ని ఊరికే నమ్మే రకం కాదు నేను. ఫిషింగ్ హార్బర్లో పావుకిలో నెత్తళ్లు కొన్నా తూకంరాయి తిరగేసి చూసేవాణ్ణి. అలాంటి నేను, పోర్టుకొచ్చే ఓడలకి కూరగాయలు, తాళ్లు, రంగులు సప్లై చేసే వ్యాపారం సత్యంతో కలిసి పదకొండేళ్లు చేశానంటే వాడెలాంటివాడో మీరే ఆలోచించుకోండి.

రెండువేల ఏడులో వెబ్‌సైట్ పెట్టాం. అందులో రేట్ల పేజీని, మేమిద్దరం కాక, కెప్టెన్లకి మాత్రమే పాస్‌వర్డ్ ఇచ్చి చూపించేవాళ్లం. ఆ ఏడు వరసగా మూడు ఓడలు చేజారాయి. ప్రతిసారీ చెన్నై కంపెనీవాడు మాకంటే ఒక్క పిసరు తక్కువ చెప్పాడు. సరిగ్గా అప్పుడే సత్యం, భార్య గంగాలమ్మకి గుండె ఆపరేషనంటూ చెన్నైలో మకాం పెట్టాడు. మా రేట్లు వాడే చేరవేస్తున్నాడని నాకు ఒళ్లు మండింది.

సైటు తయారుచేసిన ఆశాజ్యోతిని పిలిపించాను. పేజీలో ట్యాగ్ అని నాలుగు లైన్ల కోడ్ పెడితే, ఎవరు ఏ ఊరి నుంచి చూస్తున్నారో తెలుస్తుందంది.

“అన్ని పేజీల్లో పెడదాం సార్. మనిషి ఎట్నుంచొచ్చాడో, ఎటెళ్లాడో తెలుస్తాది.”

“ఊరంతా కాపలా ఎందుకమ్మా? దొంగ పడ్డ గదికి పెట్టు, సాలు.”

రేట్ల పేజీకి మాత్రమే పెట్టించాను. వారం తిరక్కుండా దొరికాడు. ఆదివారం తప్ప రోజూ పదింటికి, చెన్నై నుంచి ఒకరు.

వెంటనే సత్యానికి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. ఆపరేషన్‌కి కాదు, నన్ను అమ్ముకోడానికి వెళ్లావన్నాను. వాడు “ఏటి బావా, ఏటంతన్నావ్?” అని రెండుసార్లు అడిగి ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడమే నాకు సాక్ష్యమైపోయింది.

మర్నాడు వాడి పాస్‌వర్డ్ తీసెయ్యమంటే ఆశాజ్యోతి నసిగింది. రెండ్రోజులు అన్ని పేజీల్లో ట్యాగ్ పెట్టి చూద్దామంది. ఇంకా గట్టి రుజువు దొరుకుతుంది కదాని ఒప్పుకున్నాను.

మూడోరోజు కంప్యూటర్ నావైపు తిప్పింది.

“ఈ చెన్నై మనిషి ముందు రేట్లు మార్చే పేజీ తెరిసి, ఆనక రేట్ల పేజీకొత్తన్నాడు సార్. రేట్లు మార్చే పేజీ మన ఆఫీసు కంప్యూటర్లో తప్ప తెరుసుకోదు. మన నెట్ లైను చెన్నై మీంచి వెల్తాది, అందుకే ఆ ఊరి పేరు సూపిత్తంది.”

“అయితే ఎవడు వాడు?”

“పదింటికి రేట్లు సరిసూసుకునేది మీరే కదండీ.”

కంప్యూటర్లో లెక్కంతా నేనే మళ్లీ చూశాను. నేను తప్ప ఆ పేజీని ఇంకెవరూ తెరవలేదు. ఒక్క కెప్టెన్ కూడా తెరవలేదు. మా రేట్లు ఎవరూ దొంగిలించిన జాడే లేదు, చెన్నైవాడు చవగ్గా ఇచ్చాడంతే.

సత్యానికి ఫోన్ చేసి ట్యాగ్ సంగతి, లైను సంగతి గడగడా చెప్పేశాను.

“పొరపాటైపోనాది బావా. మనసులో పెట్టుకోకు, వచ్చెయ్.”



“ఆపరేషనైపోనాది. గంగ నిన్న లేసి కూకుంది,” అన్నాడు వాడు. అప్పటిదాకా నేను ఆ మాటే అడగలేదు. “ఆ పిల్ల నీ పొరపాటు కనిపెట్టబట్టి నన్ను నమ్మినావు. కనిపెట్టకపోతే నాను దొంగనే కదా బావా?”

కాదనడానికి నోరు తెరిచాను. అబద్ధమని వాడికి తెలిసిపోతుందని మూసేసుకున్నాను.