పలకని పేరు

తొక్కుడు ఆగిపోయింది. ఉన్ని బిగుసుకునేందుకు వేడినీళ్ళు పోసి రెల్లుచాపలో చుట్టిన తివాచీ మీద కాళ్ళు అలాగే ఉంచి, ఆడవాళ్ళంతా జూరా చేతిలోని ఫోన్ వైపు తిరిగారు.

“మళ్ళీనా?” అంది ఐనాష్.

“మళ్ళీనే. ఈ పాట ఆ మ్యూజిక్ కంపెనీదట, మనం దొంగిలించామట. ఇంకోసారి పెడితే ఛానెల్ మొత్తం మూసేస్తారట.”

నరీన్ కొండల్లోని ఆ ఊరి ఆడవాళ్ళు తివాచీ తొక్కుతూ పాడే పాటల్ని జూరా వీడియోలు తీసి పెట్టినప్పటి నుంచే ఉన్ని వ్యాపారికి ఎదురు చెప్పగలుగుతున్నారు. అంతకుముందు తివాచీలకి అతను చెప్పిందే ధర; ఇప్పుడు వీడియోలు చూసి బయటివాళ్ళే నేరుగా కొంటున్నారు. ఛానెల్ పోతే మళ్ళీ అతని గుమ్మమే దిక్కు.

మధ్యాహ్నం కంపెనీ మనిషి మెదెర్ కారులో దిగాడు. పక్క లోయవాడే. రొట్టె తుంచుకున్నాడు, టీ తాగాడు.

“గొడవెందుకు చెల్లీ? మా కింద చేరండి. పాడేది మీరు, పెట్టేది మేము. వచ్చేదాంట్లో మీకూ కాస్త పడేస్తాం.”

“మా పాటని మాకే అద్దెకిస్తావా అన్నా?”

“మీదని ఎవరన్నారు? నువ్వే అన్లేదు.” అతను జూరా పాత వీడియో పెట్టాడు. తెర మీద జూరా తల వంచుకుని చెబుతోంది: “ఇది కారేదాని పాట. కట్టినాయన పేరు నేను పలకకూడదు.”

కట్టింది జూరా మామగారు. ఆ ఊళ్ళో కోడలు అత్తింటి పెద్దల పేరు నోట పలకదు. ఆయన పేరుకి వాళ్ళ భాషలో ఊట అనే అర్థం ఉంది గనుక ఊటని కూడా ‘కారేది’ అంటుంది. ఆయన పోయి ఏళ్ళయినా అంతే.

“మీరు మొదటిసారి ఫిర్యాదు చేసినప్పుడే పేరు రాసి పంపాను గదా?” అంది జూరా.

“రాశావు. ప్రతి వీడియోలోనూ పేరు చెప్పనంటున్నావు. దేన్ని నమ్మాలి? పేరుంటే హక్కు ఆయనదీ, ఆయన వారసులదీ. లేకపోతే ఊరుమ్మడి పాట. దాన్ని మేం పాడించి మా పేర రాయించుకున్నాం. కాదంటే కోర్టులో నోరు విప్పి చెప్పు. చెప్తావా, అత్తగారి ముందర?”

మూల కూర్చుని ఉన్ని దువ్వుతున్న అత్తగారు బాత్మా తలెత్తలేదు. మెదెర్ నవ్వుతూ వెళ్ళిపోయాడు.

“పోనీ చేరిపోదామే,” అంది ఐనాష్. “మగాళ్ళంతా మాస్కోలో కూలికి పోయారు. మన తరఫున ఎవరొస్తారు?”

“చేరితే వ్యాపారి పోయి వీడొచ్చినట్టేగా,” అంది ఇంకొకామె. “రేపు పిల్లాణ్ణి జోకొట్టే పాటక్కూడా వీణ్ణే అడగాలి.”

జూరాకి ఎటైనా నష్టమే. పలికితే ఇంటి పరువు పోతుంది, పలక్కపోతే ఇంటి పాట.

బాత్మా దువ్వెన కింద పెట్టింది. “కాపురం చేసినన్నాళ్ళూ ‘ఏవయ్యా’ అనే పిలిచాను. మర్యాద అనుకున్నాను. మర్యాద మనది, లాభం వాడిదీనా? ఫోన్ పెట్టవే.”

“మూసేస్తారత్తా.”

“మూయనీ. పాడకుండా దాచుకున్న ఛానెల్ గోడకి తగిలించుకుంటావా?”

చాప దొర్లింది. కాళ్ళు పడ్డాయి. పాట లేచింది. పాట అయ్యాక బాత్మా నోరు తెరిచింది. పేరు నోట రాలేదు. జూరా పక్కకి వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుంది.

“బులాక్‌బాయ్,” అంది జూరా.

“బులాక్‌బాయ్,” అంది బాత్మా, మొదటిసారి.

“ఇది ఊట పాట. బులాక్‌బాయ్ కట్టాడు,” అన్నారు ఊరి కోడళ్ళందరూ, ఒకరి మాట మీద ఒకరు.

పొద్దు వాలకముందే ఛానెల్ మూతపడింది. మర్నాడు ఉన్ని వ్యాపారి బండి వాకిట్లో ఆగింది, పాత ధరతో. అమ్మిన వాళ్ళు అమ్మారు, ఏడుస్తూనే.

కానీ ఆ వీడియో అప్పటికే ఫోన్ నుంచి ఫోన్‌కి పాకి కనుమ దాటింది. అవతలి ఊరి కోడళ్ళు కూడా తమ పాటలు కట్టిన మామల పేర్లు ఫోన్ ముందు పలకడం మొదలుపెట్టారు. కంపెనీ జూరా ఒక్కదానికే కోర్టు నోటీసు పంపింది.

వాయిదా రోజున ఊరి వ్యాను నిండిపోయింది. బాత్మా ముందు సీట్లో కూర్చుంది. కనుమ దగ్గర అవతలి ఊరి కోడళ్ళతో ఇంకో వ్యాను ఎదురుచూస్తోంది.

“ఇంతమంది ఎక్కడికి, అవ్వా?” అన్నాడు డ్రైవరు.

“పేరు చెప్పడానికి,” అంది బాత్మా. “పోనీ.”