ఐదో జట్టు పలక

నేను ఒక రాతి పలకను. నా మూల కొంచెం విరిగింది, ఎడమ అంచున తెల్లటి చార ఒకటి ఉంది. ఆ రెండు లోపాల వల్లే మార్కాపురంలో మిగిలిపోయాను. నా తోటివి పెట్టెల్లో పడుకుని ఓడలెక్కాయట. ఆ అదృష్టం నాకు లేకపోయిందే అని ఒకప్పుడు బాధపడేదాన్ని. ఇప్పుడు నా బాధ వేరు.

భూమిలో ఉన్నంతకాలం నేను ఎవరికీ అపకారం చేయలేదు. బయటికి తీశాకే మొదలైంది. పెద్ద బండను ఉలితో పొరలుగా చీల్చారు. ఒక పొరను తిరిగే రంపానికి ఆనించి నలుచదరంగా కోసినవాడు కాశయ్య. కోస్తున్నంతసేపూ నా ఒంట్లోంచి బూడిదరంగు పొడి లేచి షెడ్డంతా కమ్మేసేది. కాశయ్య కనుబొమలూ మీసమూ తెల్లబడి ముసలివాడిలా కనబడేవాడు. సాయంత్రం తలగుడ్డ దులిపి మొహం కడుక్కుంటే మళ్లీ ముప్పై ఏళ్ల మనిషి. పైన పడినది నీళ్లకు పోయింది. లోపలికి పోయినదాని సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. చెప్పడానికి నాకు నోరు లేదనుకోండి. అయినా ఆ సాకు నాకు ఊరట ఇవ్వదు.

చెక్క చట్రం బిగించాక మేస్త్రీ నన్ను పనికిరానివాటిలోకి తోశాడు. బస్టాండు దగ్గర టిఫిన్ల బండి నడిపే హుస్సేనమ్మ తీసుకుపోయింది. రెండేళ్లపాటు నా మీద ఒకటే రాత: పెసరట్టు ఉంది, ఇడ్లీ అయిపోయింది. జనం అది చదివి, చదివిన నోటితోనే, "ఇడ్లీ ఉందా అక్కా?" అని అడిగేవాళ్లు.

"కళ్లజోడు ఇంటికాడ మర్చిపోయినావా అబ్బయ్యా?" అనేది హుస్సేనమ్మ. అని, మిగిలిన అట్టుముక్క ఒకటి ఆకులో వేసి ఇచ్చేది.

అక్కడ నన్ను చూసిన మనిషి కోటిరత్నం టీచరు. ఊరి అంచున ఉన్న హైస్కూల్లో సైన్సు చెప్పేది. పది రోజుల శిక్షణకు వెళ్లి, కొత్త పాఠాన్ని పుస్తకం తెరవకుండానే మొదలుపెట్టే పద్ధతి ఒకటి నేర్చుకుని వచ్చింది. దాని పేరు మేధోమథనం. పిల్లల్ని జట్లుగా కూర్చోబెట్టి, పాఠం పేరు మాత్రం చెప్పి, దాని గురించి తోచిన మాటలన్నీ రాయించాలి. తప్పు, ఒప్పు అన్న మాటే ఉండకూడదు. ఆ తర్వాతే పాఠం. జట్టుకొక పలక కావాలి. నాలుగు ఎక్కడెక్కడో దొరికాయి. ఐదోదానిగా నన్ను హుస్సేనమ్మ ఊరికే ఇచ్చేసింది.

ఎనిమిదో తరగతి పిల్లలు మొదటిరోజు నన్ను చూసి నవ్వారు.

"మళ్లీ అ ఆలు దిద్దిస్తారా టీచర్?" అన్నాడు మస్తాను. వాడే నా జట్టుకు నాయకుడు. తెలివైనవాడు, చేతిరాత ముచ్చటగా ఉంటుంది. ఓడిపోవడమే వాడికి అలవాటు లేదు.

పద్ధతి మంచిదే. లోపం చిన్న సందులోంచి దూరింది. జట్లన్నీ రాశాక టీచరు ఐదు పలకలనూ గోడకు ఆనించి, పుస్తకం తెరిచి, పాఠంలో ఉన్న మాటలు ఏ పలక మీద ఎక్కువ కనబడితే ఆ జట్టుకు చప్పట్లు కొట్టించేది. పిల్లలకు హుషారు రావాలని. నెల తిరిగేసరికి వాళ్లు తమకు తోచింది రాయడం మానేసి, పుస్తకానికి తోచేది రాయడం నేర్చుకున్నారు.

ఆ నెలంతా బలపం ముట్టుకోని పిల్ల మా జట్టులో ఒకతె ఉండేది. పేరు చెన్నమ్మ. కాశయ్య కూతురు. గాలి కాలుష్యం పాఠం వచ్చిన రోజు మాత్రం, పొగ, లారీ, ఇటుక బట్టీ అని అందరూ రాశాక, చెయ్యి చాచి బలపం తీసుకుని నా కింది మూల 'పలక' అని రాసింది.

"ఏందే ఇది? గాలికీ పలకకీ ఏం సంబంధం?" అన్నాడు మస్తాను.

"మా నాయన పలకలు కోస్తాడు గదా. ఒకటే దగ్గు. మిద్దె మెట్లు ఎక్కలేకపోతన్నాడు."

"బీడీలు మానమను."

"ఆయన తాగడు. ఆ పొడి వల్లేమోనని నేనంటే, నీకెవురు చెప్పారే అంటండాడు. టీచర్ చెప్తే ఇంటాడు. పని మానుకుంటాడు."

"పుస్తకంలో ఉండదే అది. ఉత్త పుణ్యానికి చప్పట్లు పోతయ్," అని వాడు అరచేతిని ఉమ్ముతో తడిచేసి ఒక్క రుద్దు రుద్దాడు.

రాసింది ఇట్టే చెరగడమే మంచి పలక లక్షణమని మా షెడ్డులో చెప్పుకునేవాళ్లు. నేను మంచి పలకనే. ఒక మనిషి ఊపిరిలో సగం తిన్నదాన్ని, ఆ మనిషి కూతురు అతికష్టం మీద రాసిన మూడక్షరాలను ఆపలేకపోయాను. ఆ రోజు చప్పట్లు మా జట్టుకే వచ్చాయి. చెన్నమ్మ కూడా అందరితోపాటు కొట్టింది.

ఉమ్ముతో చెరిపిన రాత తడి ఉన్నంతసేపే మాయమవుతుంది, ఆరితే పల్చగా పైకి తేలుతుంది. అది రాతి గుణం, నా గొప్ప కాదు. గంట కొట్టాక పలకలు పేరుస్తున్న టీచరు నా దగ్గర ఆగింది.

"మస్తానూ, ఇక్కడ పలక అని ఎవరు రాశార్రా?"

"చెన్నమ్మ టీచర్. సంబంధం లేదని చెరిపేసినా."

"లేదని నువ్వెట్టా తేల్చావు?"

"మీరు పుస్తకం చూసి తేలుస్తారు గదా టీచర్, అట్టనే."

టీచరు నన్ను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, ఆ మూడక్షరాలను వెలుతురులో మళ్లీ చదివింది. ఆమె వేళ్లు చల్లగా ఉన్నాయి. తప్పు చేశామని తెలిసినవాళ్ల చేతులు ఎలా ఉంటాయో నాకు అప్పుడే తెలిసింది.

మర్నాడు చెన్నమ్మ చేత అందరికీ చెప్పించింది. రాతిపొడి ఊపిరితిత్తుల్లో చేరితే ఏమవుతుందో పుస్తకంలో లేకపోయినా నల్లబల్ల మీద బొమ్మ గీసి చూపించింది. చప్పట్లు ఆ రోజుతో ఆగిపోయాయి. ఆదివారం కాశయ్య ఇంటికి వెళ్లింది. ఆయన ముందు నవ్వేశాడు, తర్వాత విన్నాడు. ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి, చేరింది బయటికి రాదు, ఇకమీదటైనా చేరకుండా చూసుకోమన్నారు. రంపం మానేసి ఒక బత్తాయి తోటకు కాపలా కుదిరాడు. అక్కడ గాలి బాగుంటుందని చెన్నమ్మ జట్టులో చెబుతుంటే విన్నాను. ఆ మాట విని కాస్త తేలికపడ్డాను. కానీ ఆ పిల్ల మొదటి వారమే తనకు తోచింది రాయగలిగి ఉంటే, ఆ నెల పొడైనా ఆయనలోకి పోయేది కాదు కదా అనిపించి మళ్లీ బరువెక్కాను.

ఇప్పుడు నేను సైన్సు గది బీరువాలో ఉంటున్నాను. కొత్త పాఠం వచ్చినప్పుడల్లా బయటికి తీస్తారు. రాసినవాళ్లు తమ మాట గురించి చెప్పేదాకా దాన్ని ఎవరూ చెరపకూడదని టీచరు కట్టడి చేసింది. తలాతోకా లేని మాటలు ఎన్నో మోస్తున్నాను. ఒక్కటీ బరువనిపించదు.

బడికి సెలవులిచ్చిన మధ్యాహ్నం కాశయ్య కూతురి కోసం వచ్చాడు. గుమ్మం దాకా రావడానికి రెండుసార్లు ఆగాడు. చెన్నమ్మ నన్ను తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆయన బొటనవేలితో నా అంచు వెంట తడిమాడు.

"నా కోతే ఇది. ఎడమచేత్తో తోస్తాను గదా, అంచు ఇట్టా వాలుద్ది," అన్నాడు సంబరంగా. మరింత బాగా చూద్దామని, నా మీది బలపం పొడిని ఊదబోయాడు.

చెన్నమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "ఊదమాక నాయనా. ఊపిరి దాచుకో."

ఆయన దాచుకున్నాడు. పసిబిడ్డను పడుకోబెట్టినట్టు నన్ను మెల్లగా బల్ల మీద పెట్టాడు. నన్ను ఒక్క మాట తిట్టినా బాగుండేది.