పద్నాలుగో నంబరు చొక్కా

ఫుట్‌బాల్ క్లబ్ గేటు పక్కన కొత్తగా నిలబెట్టిన రాతి మీద నాలుగు పేర్లున్నాయి. యుద్ధానికి వెళ్ళి తిరిగి రాని ఆటగాళ్ళవి. ఐదోవాడూ వెళ్ళాడు, వాడూ రాలేదు. వాడి పేరు మాత్రం లేదు. వాడు కోచ్‌కి సొంత తమ్ముడు.

కోచ్‌ని జట్టంతా అక్కా అనే పిలుస్తుంది. ఆ పిలుపు విని మెత్తని మనిషనుకుంటే పప్పులో కాలేసినట్టే. తమ్ముణ్ణి ఏళ్ళ తరబడి బెంచీ మీదే కూర్చోబెట్టింది. వాడిది నత్తనడక మరి. మ్యాచ్ అయ్యాక అందరి చొక్కాలూ బురదకొట్టుకుని ఉంటే, వాడి పద్నాలుగో నంబరు చొక్కా మడత నలగకుండా ఇంటికొచ్చేది. "నీ చొక్కాకి సబ్బు ఖర్చు లేదురా నాయనా," అని వాళ్ళమ్మ నవ్వేది. వాడూ నవ్వేవాడు. మళ్ళీ మ్యాచ్‌కి అందరికంటే ముందొచ్చి బెంచీ తుడిచి కూర్చునేవాడు.

వాడి పేరేదని అక్క అడిగితే, "ఒక్క మ్యాచ్‌లోనైనా దిగినవాళ్ళే ఆటగాళ్ళమ్మా," అన్నాడు క్లబ్ ప్రెసిడెంటు. రంగుల దుకాణం ఆయనది. "రూలు రూలే. మీ తమ్ముడని మినహాయిస్తే రేపు నలుగురూ నన్ను వేలెత్తి చూపరూ?"

"యుద్ధానికి పిలిచినప్పుడు బెంచీ మీదవాడని మినహాయించలేదుగా," అంది అక్క.

ఆయన కుర్చీలు వేయించడానికి వెళ్ళిపోయాడు.

అక్కకి ఒళ్ళు మండింది. తమ్ముడు లేడన్న దిగులు ఒకెత్తు, అసలు వాడు ఆటగాడే కాదనడం ఇంకొకెత్తు. సరే, రూలే కావాలంటే రూలే ఇద్దాం అనుకుంది. అలమరలోంచి ఆ చొక్కా తీసింది.

ఆ సాయంత్రం స్మారక మ్యాచ్. అది అయ్యాకే రాతిని ఆవిష్కరిస్తారు. ఆట చివరికొచ్చేసరికి చెరో గోలు. అక్క లేచి, ఆటగాళ్ళని మార్చేటప్పుడు చూపించే బోర్డు ఎత్తింది. బయటికి ఏడు, లోపలికి పద్నాలుగు. ఏడో నంబరు కెప్టెన్‌ది. అతను బెంచీ వైపు చూశాడు. అక్కడ ఖాళీ చొక్కా ఒక్కటే ఉంది. వెంటనే బయటికొచ్చేశాడు.

రిఫరీ దగ్గరికొచ్చాడు. "పద్నాలుగో నంబరు ఎక్కడ మేడమ్?"

"వస్తాడు. కాస్త నిదానం. వాడెప్పుడూ అంతే."

రిఫరీ చొక్కాని చూశాడు. గేటు దగ్గరి రాతిని చూశాడు. మ్యాచ్ వివరాలు రాసే కార్డు మీద మార్పు రాసుకుని విజిల్ ఊదాడు.

ఎవరూ చెప్పకుండానే, ఎడమ పక్కన కెప్టెన్ ఖాళీ చేసిన చోటు వాడికి వదిలేసి పదిమందీ ఆడారు. అవతలి జట్టు ఆ సందులోంచే వచ్చి గోలు కొట్టింది. మ్యాచ్ పోయింది.

ప్రెసిడెంటు రుసరుసలాడుతూ వచ్చాడు. "గెలిచే మ్యాచ్‌ని చేతులారా పోగొట్టావు కదమ్మా."

"మావాడు దిగితే ఓడతామని నాకు ముందే తెలుసండీ. అందుకేగా ఇన్నాళ్ళూ దింపలేదు." రిఫరీ సంతకం పెట్టిన కార్డు ఆయన చేతిలో పెట్టింది. "ఇప్పుడు దిగాడు. చెక్కించండి."

ఆయన కార్డు చూశాడు. అక్క వెనకాల చేతులు కట్టుకు నిలబడ్డ జట్టుని చూశాడు. "కింద చోటుందిలే," అని గొణిగాడు.

అక్క బెంచీ మీది చొక్కా అందుకుంది. కళ్ళు నిండాయి, తుడుచుకోలేదు. అలవాటుగా మడత పెట్టబోయి ఆగింది. తీసుకెళ్ళి బురద చొక్కాల కుప్పలో, ఉతకాల్సినవాటితో కలిపి వేసింది.