గాలికి ఆరు మార్కులు

“నెవెనా, ఆ మిరపకాయలు ఇప్పుడే కాల్చాలా? ఇక్కడ నా శని వణికిపోతోంది!”

బాల్కనీలో ఆ చివర మా ఆయన లూబెన్, టెలిస్కోపు. ఈ చివర నేను, కరెంటుతో కాగే మట్టి కుంపటి, బుట్టెడు ఎర్ర తీపి మిరపకాయలు. మధ్య దూరం నాలుగడుగులు. కుంపటి వేడికి గాలి అలలు అలలుగా లేచి అతని టెలిస్కోపు ముందు నుంచి పోతోందట. శని చుట్టూ ఉన్న వలయం నీళ్ళలో గాజులా కదులుతోందట. సెప్టెంబరులో మా ఊరు లోవెచ్‌లో మిరపకాయలు కాల్చని బాల్కనీ ఉండదు. మా కింద అంతస్తుల్లో, ఎదురు బ్లాకులో ఆ సాయంత్రం ఎన్ని కుంపట్లు వెలుగుతున్నాయో లెక్కలేదు. ఊరంతా కాలిన తొక్కల వాసనే. వాళ్ళెవరినీ లూబెన్ ఏమీ అనలేదు. నేను ప్లగ్గు పీకేశాను.

లోపల్నుంచి మా అత్త దోన్కా గొంతు వినిపించింది. “సగం కాల్చి వదిలేస్తే రేపటికి మెత్తబడతాయే! చలికాలమంతా రొట్టెలోకి ఏం నంచుకుంటాం, శనినా? వాడంటే ఆకాశం చూస్తున్నాడు, నువ్వైనా బుట్ట చూసుకోవద్దూ?”

తిట్టు ఆపించినవాడికి కాదు, ఆపినదానికి. ఇరవై నాలుగేళ్ళుగా ఆ ఇంట్లో మాటలు ఆ దారినే ప్రవహిస్తున్నాయి, నేనూ ఈ చెవితో విని ఆ చెవితో వదిలేయడం నేర్చుకున్నాను.

లూబెన్ లిఫ్టు మెకానిక్. పొద్దున ఏడింటికి వెళ్ళి సాయంత్రం వస్తాడు. మిగిలిన ప్రాణమంతా గ్రహాల ఫోటోల మీదే. అతని మొదటి కెమెరా కంప్యూటరుకి తగిలించుకునే చిన్న వెబ్‌క్యామ్. దాని ముందున్న అద్దం తీసేస్తేగానీ టెలిస్కోపుకి పనికిరాదు. తీయడానికి అతని మొరటు వేళ్ళు సరిపోక నా చేతికిచ్చాడు. కూరగాయల కత్తి మొనతో ఒలిచాను. దాన్ని టెలిస్కోపు గొట్టంలో ఎలా బిగించాలో తెలియక తల పట్టుకుంటే, నేను పనిచేసే ఫోటో స్టూడియో నుంచి ఖాళీ ఫిల్ము డబ్బా తెచ్చి ఇచ్చాను. కొలిచి చేయించినట్టు సరిపోయింది. తర్వాత పెద్ద కెమెరా కొన్నాడు. దాని లోపలి షట్టరు తెరుచుకున్నప్పుడల్లా టెలిస్కోపు అదిరేది, అంత పెద్ద చిత్రంలో గురుడు పప్పుబద్దంత పడేవాడు. ఆ తర్వాత గ్రహాల కోసమే చేసిన రంగుల కెమెరా. ఇప్పుడు నలుపు తెలుపుది. ముందు ఎర్ర ఫిల్టరు, తర్వాత ఆకుపచ్చ, తర్వాత నీలం, మూడు వీడియోలు తీస్తాడు. మూడు బూడిదరంగు గ్రహాలు కంప్యూటరులో పడేసి, తృప్తిగా వెళ్ళి పడుకుంటాడు.

అసలు ఫోటో అక్కడి నుంచి మొదలవుతుంది. మూడు నిమిషాల వీడియోలో వేల ఫ్రేములుంటాయి. అన్నిట్లోనూ గాలి కదులుతూనే ఉంటుంది, గ్రహం ఒకసారి కోడిగుడ్డులా, ఒకసారి నలిగిన గుండీలా కనిపిస్తుంది. ఏ వందలో ఒకటో గాలి ఒక్క క్షణం ఊపిరి బిగబట్టినట్టు నిలకడగా ఉంటుంది. అలాంటివి ఏరాలి, ఒకదాని మీద ఒకటి పేర్చాలి, పదును పెట్టాలి, మూడు బూడిదల నుంచి రంగు కూర్చాలి. ప్రోగ్రాము ఏరుతుంది, నిజమే. కానీ ఒక్కోసారి అది బోల్తా పడుతుంది, వంకరగా గడ్డకట్టిన ఫ్రేముని మంచిదనుకుంటుంది. నేను పడను. స్టూడియోలో పద్దెనిమిదేళ్ళుగా పాస్‌పోర్టు ఫోటోలు సరిచేస్తున్నాను. మొటిమ తీసేయాలి, పుట్టుమచ్చ ఉంచాలి. ముఖానికి చెందినదేదో, వచ్చిపోయేదేదో ఒక్క చూపులో తెలియాలి. గ్రహాల దగ్గరా అదే పని. ఏది గాలి చేసిన మచ్చో, ఏది గురుడి సొంత మచ్చో నా కళ్ళకి తెలుసు. పదును ఎక్కువైతే అంచున తెల్లగీత లేస్తుందనీ, చేతికి ఆశ ఎక్కువైతే లేనివి పుడతాయనీ తెలుసు. స్టూడియో యజమాని గిరాకీలకి నన్ను చూపించి “మా అమ్మాయి” అంటాడు. నాకిప్పుడు నలభై తొమ్మిది.

పన్నెండింటికి స్టూడియోకి వెళ్ళేలోపు వంట, ఉతుకు, అత్త మందులు అన్నీ అయిపోవాలి. గ్రహాల్ని ఆ సందుల్లోనే ఇరికించాను. సూప్ మరిగేలోపు ఫ్రేములు ఏరడం, పిండి పొంగేలోపు పేర్చడం. అంతా అయ్యాక చీటీ. ఈ గ్రహాల ఫోటోలవాళ్ళకి అదొక ఆచారం. ఫోటో కింద అన్నీ రాయాలి. తేదీ, సమయం, టెలిస్కోపు, అద్దం వెడల్పు, కెమెరా, ఫిల్టరు, ఎన్ని ఫ్రేముల్లోంచి ఎన్ని ఏరారు. ఆఖరికి ఆ రోజు గాలి ఎంత నిలకడగా ఉందో కూడా పదికిన్నని మార్కులు వేస్తారు. ఆ చీటీలు కత్తిరించేదీ నేనే, అంచులు తిన్నగా వస్తాయని. గాలికి ఆరు మార్కులు అని నా చేత్తో నేనే ఎన్నిసార్లు రాశానో. నా పేరు రాయాలని అతనికి తోచలేదు సరే, నాకే తోచలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

శుక్రుణ్ణి నేను వెతుక్కుంటూ వెళ్ళలేదు. తెల్లవారకముందే లూబెన్ డబ్బాలో రొట్టె, జున్ను సర్దుతుంటే వంటింటి కిటికీలో కనిపించేవాడు. ఏదో పనిలో పడి మళ్ళీ చూసేసరికి వెలుతురులో కలిసిపోయేవాడు. ఒకరోజు పట్టుదల వచ్చింది. కప్పు కడిగి చూశాను, పొయ్యి తుడిచి చూశాను, అత్తకి కాఫీ ఇచ్చి చూశాను. సూర్యుడొచ్చినా వదల్లేదు. పదింటికి బాల్కనీలో దుప్పటి ఆరేస్తూ గోడ అంచు పక్కన నీలంలో తెల్లటి చుక్కని చూశాను. మొదట దుప్పటి నుంచి ఊడిన నూలుపోగు అనుకున్నాను. కాదు. పట్టపగలు, సూర్యుడి ఎదుటే, ఎవరూ చూడకపోయినా అక్కడే ఉన్నాడు. తడి దుప్పటి చేతిలో పట్టుకుని ఏడ్చాను. ఎందుకంటే చెప్పలేను. సంతోషమేనని ఇప్పుడు అనుకుంటున్నాను.

పగలు టెలిస్కోపు తిప్పడం ప్రమాదం. పొరపాటున సూర్యుడు పడితే కన్ను పోతుంది. కానీ మా బాల్కనీ నీడ సంగతి నాకన్నా బాగా ఎవరికి తెలుసు? తాడు మీద గోడ వైపు మొదటి మూడు క్లిప్పుల దాకా పదిన్నర వరకు ఎండ రాదు, అందుకే రంగు వెలిసే బట్టలు అక్కడే వేస్తాను. టెలిస్కోపుని ఆ మూడు క్లిప్పుల కిందకి జరిపాను. కొత్త కెమెరా ముట్టుకోవద్దని అతని ఆర్డరు. కాబట్టి క్లిప్పుల డబ్బాలో పడి ఉన్న పాత వెబ్‌క్యామ్ తీశాను, ఫిల్ము డబ్బాతో సహా. ఎర్ర ఫిల్టరు పెడితే నీలాకాశం నల్లబడి శుక్రుడు తేటగా విడిపోయాడు. పూర్తిగా గుండ్రం కాదు, కొరికిన బిస్కెట్టులా, సగం కంటే కాస్త తక్కువ. ఒకటిన్నర నిమిషం వీడియో తీశాను. ఆ రోజు అన్నం కాస్త అడుగంటింది, అత్త రెండు రోజులు ఆ సంగతే చెప్పింది.

వారం తర్వాత లూబెన్ మొహం వెలిగిపోతూ వచ్చాడు. వాళ్ళ ఖగోళ సంఘం అధ్యక్షుడు హరలాంపి మాస్టారు, పఠన మందిరం హాల్లో అతని గ్రహాల ప్రదర్శన పెడతానన్నాడు. పన్నెండు ఫోటోలు కావాలి. ఎంత ఏరినా పదకొండే తేలాయి. భోజనాల దగ్గర శుక్రుడి ఫోటో అతని ముందు పెట్టాను.

“అబ్బ! ఇదెప్పుడు తీశాను నేను?”

“నువ్వు తీయలేదు. నేను తీశాను. మంగళవారం పదింటికి, బట్టలారేస్తూ.”

నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి ఆపాడు. “నా టెలిస్కోపు ఎండలో తిప్పావా? మతి ఉందా నీకు?”

“ఎండలో కాదు, నీడలో. ఆ నీడ సంగతి నాకు తెలుసు.”

ఫోటో మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. బాగుందని అతనికి తెలుస్తూనే ఉంది. “సరే పోనీ. పన్నెండోది ఇదే పెట్టేద్దాం.”

“పెట్టు. చీటీ మీద నా పేరు రాస్తాను. మిగతా పదకొండింటి మీద కూడా, నీ పేరు పక్కన.”

“పదకొండింటి మీదా? అవి నేను తీసినవి నెవెనా. చలిలో నిలబడ్డది నేను. నువ్వు కంప్యూటరులో చేసేది ఇస్త్రీ లాంటిది. చొక్కా ఇస్త్రీ చేసినంత మాత్రాన చొక్కా నీదైపోతుందా?”

అత్త రొట్టె తుంచుతూ అంది. “ఇంటిపేరు ఒకటేగా, ఎవరి పేరుంటే ఏం? ఊళ్ళో వాళ్ళు నవ్విపోతారు.”

ఎవరి పేరుంటే ఏం అనేవాళ్ళెవరూ ఇంతవరకు ఆడదాని పేరు రాయగా చూడలేదు నేను. పళ్ళాలు తీసి కడిగాను. కోపంతో చెయ్యి జారి ఒకటి పగిలింది. ముక్కలు ఏరుతుంటే, ఇస్త్రీ అన్న మాట ముల్లులా లోపల గుచ్చుకుంది. గుచ్చుకుని, అక్కడే నాకో దారి చూపించింది.

ప్రింట్లు వేయించాల్సిందీ, చీటీలు కత్తిరించాల్సిందీ, గోడకి తగిలించాల్సిందీ ఎలాగూ నేనే. శుక్రవారం స్టూడియోకి సెలవు పెట్టి, పొద్దున్నే పఠన మందిరానికి వెళ్ళి పన్నెండూ తగిలించాను. మధ్యాహ్నం హరలాంపి మాస్టారు చేతికర్ర ఊనుకుంటూ ఒక్కొక్కటీ చూస్తూ నడిచాడు. మధ్యలో ఆగి నావైపు తిరిగాడు.

“లూబెన్‌కి తెలుసా అమ్మా?”

“సాయంత్రం తెలుస్తుంది మాస్టారూ.”

ఆయన చేతికర్ర గోడకి ఆనించాడు. “నలభై ఏళ్ళుగా పిల్లలకి చెబుతూనే ఉన్నాను, గొట్టంలో నిజంగా కనపడేది ఇదీ అని. ఎవరూ గోడకెక్కించలేదు,” అని, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

సాయంత్రం లూబెన్ టై కట్టుకుని వచ్చాడు, వెనకాల అత్త. తీసేసి పారిపోదామా అని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. అతను మొదటి ఫోటో ముందు ఆగాడు. బూడిదరంగు చట్రంలో అంచులు చెదిరిన, చిన్న వంకర మరక. కింద చీటీ: శని. నలుపు తెలుపు కెమెరా, ఎర్ర ఫిల్టరు. వీడియోలో మొదటి ఫ్రేము. తీసింది: లూబెన్ మింకోవ్. ఎంచడం కూడా నా పనే కాబట్టి ఎంచలేదు, ప్రతి వీడియోలోనూ మొదటి ఫ్రేమే తీసుకున్నాను. పక్కన గురుడు, నలిగిన గుండీలా. దాని పక్కన కుజుడు. అలా పదకొండు. జనం వాటిని దాటుకుని పన్నెండోదాని దగ్గర గుమిగూడుతున్నారు. దాని చీటీ కాస్త పొడుగు: శుక్రుడు. సెప్టెంబరు ఇరవై ఆరు, ఉదయం పది. పాత వెబ్‌క్యామ్, ఫిల్ము డబ్బా, ఎర్ర ఫిల్టరు. రెండు వేల ఫ్రేముల్లోంచి నూట ఎనభై. గాలికి ఆరు మార్కులు. టెలిస్కోపు లూబెన్ మింకోవ్‌ది. తీసింది, ఏరింది, కూర్చింది: నెవెనా మింకోవా.

అతను నా దగ్గరికి వచ్చి, ఎవరికీ వినపడకుండా, పళ్ళ మధ్య నుంచి అడిగాడు. “నా ఫోటోలేవీ?”

“నీవే అవన్నీ,” అన్నాను. “ఇస్త్రీ చేయలేదు, అంతే.”