పెన్సిల్ పెట్టెలో రేగు గింజ

కలకత్తా భవానీపూర్‌లో ఆ ఇంట్లో నేను ముప్ఫై ఏళ్ళు వంట చేశాను. ఎందరో ఆయాలను చూశాను గానీ ఝుమూర్ లాంటి తింగరిదాన్ని ఎక్కడా చూడలేదు. ఇరవై మూడేళ్ళు వచ్చాయి, ఇసుమంత బుద్ధి రాలేదు. ఒక్క వానాకాలంలో మూడు గొడుగులు పోగొట్టింది. చేపలు కడగమంటే వాటికి పేర్లు పెట్టి కబుర్లాడుతూ కూర్చునేది. పిల్లను చూసుకోవడానికి దీన్ని తెచ్చుకుంటే, దీన్ని చూసుకోవడానికి ఇంకొకరిని పెట్టాలిరా భగవంతుడా అని రోజూ తిట్టుకునేదాన్ని.

ఆ ఇంకొకరు ఆ పిల్లే అయింది. పేరు తితిర్, ఎనిమిదేళ్ళు, పెద్ద ఆరింద. తల్లి పూరబి జబ్బు చేసి నెలల తరబడి ఆసుపత్రిలోనే ఉండిపోయింది. తండ్రి అనిమేష్ బాబు ప్లీడరు, కోర్టుకీ ఆసుపత్రికీ తిరగడంతోనే ఆయన పొద్దు గడిచిపోయేది. పెద్దవాళ్ళెవరూ ఇంటిపట్టున లేరు కదా, ఆ పెద్దరికమేదో తనే నెత్తిన వేసుకుంది. నన్ను ఖీరో మాసీ, అంటే ఖీరో పిన్నీ, అని పిలుస్తూ చనువుగా నువ్వు అనేది గానీ ఝుమూర్‌ను మాత్రం మీరు అనేది, బళ్ళో పంతులమ్మ మొద్దు పిల్లను మందలించినట్టు. ఝుమూర్ ఎన్నింటికి లేవాలో, ఎన్నింటికి తల దువ్వుకోవాలో కాగితం మీద రాసి గోడకు అంటించింది. ఒకరోజు స్నానం వేళకు పిల్ల దాక్కోవలసింది పోయి ఆయా మంచం కింద దూరింది. తితిర్ తువ్వాలు భుజాన వేసుకుని వంగి చూసింది.

"మీకు ఎన్నేళ్ళు?"

"ఇరవై మూడు."

"నేను నమ్మను. బయటికి రండి, నీళ్ళు చల్లారిపోతున్నాయి."

వంటింట్లో నేను నవ్వాపుకోలేక చచ్చాను. పైకి మాత్రం ఇద్దరినీ కేకలేశాను. నా నోరు అలాంటిది.

తితిర్ మాత్రం నవ్వేది కాదు. ఎలాగైనా దాన్ని నవ్వించాలని ఝుమూర్ పంతం పట్టింది. జల్లెడ నెత్తిన పెట్టుకుని గంతులేసింది, లూడోలో పిల్లకు కనబడేలా దొంగాట ఆడింది. తితిర్ పావులన్నీ మళ్ళీ సర్ది, మొదటినుంచి ఆడండి అనేది, అంతే.

తితిర్ మనసంతా మాఘమాసంలో వచ్చే సరస్వతి పూజ మీదే ఉండేది. ఆ రోజుకల్లా ఇంటికి వస్తాను, నీకు పసుపు చీర నేనే కడతాను అని తల్లి మాటిచ్చింది. మా వైపు ఆ పూజకు ముందు పిల్లలు రేగుపండు ముట్టరు. అమ్మవారికి పెట్టాకే తినాలి, ముందే తింటే ఆవిడకు కోపమొచ్చి చదువు రాదంటారు. అంటూనే బడి గేటు దగ్గర చాటుగా తింటారు, అది వేరే సంగతి. తితిర్ అలా కాదు. రేగుపళ్ళ బండి ఎదురైతే రోడ్డు దాటి అవతలి పక్క నుంచి నడిచేది. నేను నియమం తప్పకపోతే అమ్మ వస్తుంది అని లోపల మొక్కుకుంది. ఆ మొక్కు సంగతి అప్పట్లో మాకెవరికీ తెలియదు.

నాకు తెలిసింది ఇంకొకటి. ముందటి దుర్గా పూజ సెలవుల్లోనే అనిమేష్ బాబు వంటింటి గుమ్మంలో కూలబడి, డాక్టర్లు ఇంక లాభం లేదన్నారు ఖీరో మాసీ అని నాతో చెప్పాడు. పిల్లకు తెలియనివ్వద్దన్నాడు. నేను గుండె రాయి చేసుకుని ఊరుకున్నాను.

పూజ పది రోజులుందనగా ఝుమూర్ బడి నుంచి వస్తూ ఉప్పూ కారం కలిపిన రేగుపళ్ళ పొట్లం కొన్నది. పిల్ల వద్దు వద్దని తల తిప్పుకుంటున్నా నోట్లో ఒకటి కుక్కేసిందట. పులుపుకి పిల్ల కళ్ళు మూసి మొహం వికారంగా పెట్టింది. ఝుమూర్ కూడా ఒకటి తిని అచ్చం అలాగే పెట్టింది. ఇద్దరూ పగలబడి నవ్వుతూ మెట్లెక్కి వచ్చారు. ఏడాది తర్వాత విన్నాను ఆ పిల్ల నవ్వు. విని ఊరుకుంటే నేనెందుకవుతాను? పొట్లం చూడగానే నాకు ఒళ్ళు మండింది. "పూజ కాకముందే తినిపించావా, నీ తెలివి తెల్లారినట్టే ఉంది. అమ్మవారికి కోపమొస్తే ఎవరే అనుభవించేది?" అన్నాను. తితిర్ నవ్వు అక్కడే ఆగిపోయింది. నేను పట్టించుకోలేదు, పప్పు పొయ్యి మీద ఉంది.

నాలుగో రోజు పూరబి పోయింది.

తితిర్ ఏడవలేదు. వచ్చినవాళ్ళకు మంచినీళ్ళిచ్చింది, చెప్పులు వరసగా సర్దింది. ఎంత గట్టి పిల్లో అని అందరూ మెచ్చుకున్నారు. తిండి మాత్రం మానేసింది. పూజనాడు వీధి పందిట్లో మైకు మోగుతోంది, పసుపు చీరల్లో ఆడపిల్లలు పోతున్నారు. మేనత్త దాన్ని దగ్గరకు తీసుకుని, మైలలో ఉన్నావు తల్లీ, ఈ ఏడు నువ్వు అమ్మవారికి పువ్వులు పెట్టకూడదు అంది. నాకు తెలుసు అంది పిల్ల. అంత నెమ్మదిగా ఎందుకందో అప్పుడు మాకు అర్థం కాలేదు.

మధ్యాహ్నం వంటింట్లో ఝుమూర్ అన్నం ముద్ద పట్టుకుని బతిమాలుతోంది. తితిర్ తన పెన్సిల్ పెట్టె తెచ్చి మూత తీసింది. లోపల ఎండిన రేగు గింజ ఒకటి కాగితంలో చుట్టి ఉంది.

"ఇది ఆ రోజుది. నేను తిన్నాను. అందుకే అమ్మ రాలేదు."

అలాంటిదేమీ లేదు, పండు పండే అంది ఝుమూర్. పిల్ల ఒప్పుకోలేదు. అమ్మవారికి కోపమొస్తుందని ఖీరో మాసి చెప్పింది కదా అని నా వైపు చూసింది. డాక్టర్లు ఎప్పుడో చేతులెత్తేశారే నా తల్లీ అని ఆ క్షణాన నేను అనాలి. ఊరంతటినీ కడిగేసే నా నోరు ఆ క్షణాన పెగల్లేదు. గరిటె తిప్పుతూ నిలబడ్డాను.

ఝుమూర్ నన్ను చూసి, చేతిలో ముద్ద కంచంలో పెట్టేసింది. "నువ్వు తినలేదు. నేను తినిపించాను. వద్దని తల తిప్పుకున్నావు, గుర్తుందా? అమ్మవారు పెట్టిన చేతిని చూస్తుంది గానీ తిన్న నోటిని చూడదు. ఆ పాపం నాది."

పిల్ల పెన్సిల్ పెట్టె మూత వేసింది. "అయితే అమ్మను మీరు..."

"ఊఁ. నేనే."

తితిర్ లేచి దాని చెంప మీద కొట్టింది. నువ్వే, నువ్వే అంటూ జుట్టు పీకింది, గుద్దింది, రక్కింది. ఝుమూర్‌ను నువ్వు అనడం అదే మొదలు. ఏడుపు అప్పుడొచ్చింది, ఇల్లు దద్దరిల్లేలా. ఝుమూర్ చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. ఏడ్చి ఏడ్చి పిల్ల నేల మీదే నిద్రపోయింది. లేచాక రెండు ముద్దలు తిని, ఆవిడ ఇంట్లో ఉండకూడదని తండ్రికి చెప్పింది.

సంచీ సర్దుకుంటున్న ఝుమూర్ దగ్గరకు వెళ్ళి, నేను నిజం చెప్పేస్తానే అన్నాను. అది ఒప్పుకోలేదు.

"వద్దు మాసీ. ఇప్పుడు నువ్వేం చెప్పినా నమ్మదు, మళ్ళీ తన మీదే వేసుకుంటుంది. ఆ పాపం నా దగ్గరే ఉండనీ. గొడుగంటే పోగొట్టాను గానీ దీన్ని పోగొట్టనులే."

పకపకా నవ్వి, మెట్లు దిగి వెళ్ళిపోయింది. చెంప మీద గోళ్ళ గాట్లు అలాగే ఉన్నాయి.

తితిర్‌కు పద్నాలుగేళ్ళు వచ్చాయి. మళ్ళీ సరస్వతి పూజ వచ్చింది. పొద్దున్నే నేను పూజకని రేగుపళ్ళు కడుగుతుంటే పసుపు చీర కట్టుకుని వచ్చింది. చేతిలో ఆసుపత్రి కాగితాలున్నాయి, తండ్రి బీరువాలో దొరికాయట.

"లాభం లేదని డాక్టర్లు దుర్గా పూజకే చెప్పేశారట కదా మాసీ. అప్పటికి ఆ ఏడు రేగుపళ్ళే రాలేదు."

అవునన్నాను.

"నీకు తెలుసా?"

తెలుసన్నాను. ఆ రోజు ఎందుకు చెప్పలేదని అది అడగలేదు. అడిగితే బాగుండేది.

"ఝుమూర్ అక్కది ఏ ఊరు?"

ఆదివారం ఆదివారం క్యానింగ్ వైపు వెళ్ళే లోకల్ రైలెక్కి ఇంటికి వెళ్ళేదని తెలుసు. ఆ దారిలో ఊళ్ళకు లెక్కుందా? దాన్ని పంపిన ఆయాల సెంటరు ఎప్పుడో మూతపడింది. ఏడాదిన్నర నా పక్కన కూర్చుని అన్నం తిన్న పిల్ల అది. తిట్టడానికి దొరికిన తీరిక నీది ఏ ఊరే అని అడగడానికి దొరకలేదు నాకు. తెలియదు తల్లీ అన్నాను, కళ్ళు దించుకుని.

తితిర్ కడిగిన పళ్ళు పొట్లం కట్టుకుని వెళ్ళింది. పూజకు కాదు. సియాల్దా స్టేషన్‌లో క్యానింగ్ బండ్లు ఆగే చోట, దిగే ప్రతి మనిషినీ చూస్తూ సాయంత్రం దాకా నిలబడిందట. ఇంటికొచ్చి పొట్లం నా ముందు పెట్టింది. ఒక్క పండూ తగ్గలేదు.

పొద్దున మొదటి బండి ఎన్నింటికి వస్తుంది మాసీ అని మాత్రం అడిగింది. అదీ నాకు తెలియదు.