బంపరు బిగింపు

నా చెయ్యి పడితే ఏ వస్తువూ నిలవదని మా ఇంట్లో అందరూ నమ్ముతారు. కాపురానికి వచ్చిన కొత్తలో ఒక గాజు సీసా నా చేతిలోంచి జారింది. "దీనిది విరుపు చెయ్యి" అన్నారు అత్తగారు. ఆ తర్వాత నేను పగలగొట్టకుండా కడిగి బోర్లించిన వాటిని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఒక్క ఉదాహరణతో సూత్రం కట్టకూడదని ఉద్యోగ విరమణ దాకా బడిలో భౌతికశాస్త్రం చెప్పిన నేను, ఇంట్లో ఆ మాట ఎవరి చెవికీ ఎక్కించలేకపోయాను.

మా ఆయనకు బిగింపు అంటే బలం. డబ్బా మూత ఆయన బిగిస్తే ఆయనే తీయాలి. ఆయన ఊళ్లో లేనప్పుడు పంచదార లేని టీ తాగడం నాకు అలవాటే. తిరిగొచ్చి ఒక్క విసురులో మూత తీసి, "నేను లేకపోతే నీ గతేమిటే?" అని నవ్వేవారు.

పోయిన నెల ఆయనే కారును గేటు స్తంభానికి తాకించారు. ముందు బంపరు ఊడింది. దాన్ని ఇంట్లోనే బిగించేద్దామని కూర్చున్నారు. బంపరును ఒళ్లో ఆనించి పట్టుకుని నేను చెప్పాను: ముందు బోల్టులన్నీ వేళ్లతో వదులుగా ఎక్కించాలి, రెండు వైపులా సమంగా కూర్చున్నాక కొద్దికొద్దిగా తిప్పాలి, బోల్టు తల కింది వాషరు ఆనగానే ఆపాలి, దాని కింద ఉన్నది ప్లాస్టిక్.

"పాఠాలు బడితోనే అయిపోయాయి" అంటూ కుడివైపువన్నీ స్పానరు మూలిగేదాకా బిగించారు. దాంతో ఎడమవైపు రంధ్రాలు కలవలేదు. కుడివైపు కాస్త వదులు చేస్తానంటే, "నా వైపు ముట్టుకోకు. అటేదో నువ్వే ఏడు" అని లేచి వెళ్లారు. మోకాలితో బంపరును నెమ్మదిగా నొక్కిపట్టి, రంధ్రాలు కలిపి, నేను చెప్పిన పద్ధతిలోనే ఎడమవైపు బిగించాను.

శనివారాలు ఆ కారులో ఒక్కదాన్నే లైబ్రరీకి వెళ్తాను. వారమంతటిలో నన్ను "మీరేమంటారు?" అని అడిగే చోటు అదొక్కటే.

నిన్న ఆయనా ఆడపడుచూ బయటికి వెళ్తే, స్పీడ్‌బ్రేకరు మీద బంపరు ఊడి, వేలాడుతూ రోడ్డును గీరింది. తాడుతో కట్టి తెచ్చారు. ఎవరూ వంగి చూడలేదు.

"అమ్మ ఊరికే అనలేదు వదినా" అంది ఆడపడుచు, తాగిన కప్పు నా చేతికిస్తూ.

ఆయన తాళంచెవి జేబులో వేసుకున్నారు. "ఇక కారు జోలికి రాకు."

వాళ్లు టీవీ ముందు నవ్వుకుంటుంటే కప్పు కడిగి, టార్చి పట్టుకుని షెడ్డులో కారు ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. చూసినదాన్ని చూపిద్దామంటే, పిలిస్తే వచ్చేవాళ్లు ఇంట్లో లేరు. టార్చి ఆర్పి లోపలికి వచ్చాను.

ఈ రోజు శనివారం. హ్యాంగరుకున్న ఆయన చొక్కా జేబులోంచి తాళంచెవి తీసుకున్నాను.

"ఎక్కడికి?" అన్నారు ఆయన.

"లైబ్రరీకి. దారిలో మెకానిక్‌కి చూపిస్తాను."

"చెయ్యాల్సిందంతా చేశావుగా, ఇంకేం చూపిస్తావు?"

కారు తీశాను. వాషర్ల కింద ప్లాస్టిక్ పగిలి ఊడింది కుడివైపు. ఎడమవైపు నేను బిగించిన బోల్టుల్లో ఒక్కటీ కదలలేదు.