పొట్ట చూసి కొలిచిన ఊపిరి

మళ్లీ మొదలెట్టింది, నొక్కితే రెండు నిమిషాలు ఊరుకుంటుంది, మళ్లీ అదే గోల, పంతం పట్టిన పసిపిల్ల నయం, అనుకుంటూనే కొత్త డాక్టరమ్మ, మత్తులో పడుకున్న లావుపాటాయనకి పెట్టిన వెంటిలేటర్ మీద మోత ఆపే ఎర్ర బొత్తాన్ని ఎన్నోసారో నొక్కింది, తెరమీద ఒత్తిడి నలభై ఆరు, ఇందాక నలభై, నలభై దాటనివ్వకమ్మాయ్, గాలి ఎక్కువైతే ఊపిరితిత్తులు చిరుగుతాయి అని పెద్ద డాక్టరు మొన్ననే చెప్పాడు, చెప్పిన మనిషి ఇప్పుడు ఆపరేషన్ గదిలో ఉన్నాడు, ఫోను మోగి మోగి ఆగిపోతోంది, తనకా ఈ వార్డులో ఇది మూడో రోజు, గొట్టం మడతపడిందేమో చూసింది, కఫం లాగించింది, ఛాతీ రెండువైపులా విన్నది, నిద్రమందు పెంచింది, చూడాల్సినవన్నీ చూశాం డాక్టరమ్మా, ఇక నా మొహం మీరూ మీ మొహం నేనూ చూసుకోవడమే మిగిలింది అంది సిస్టరు, నవ్వు రాలేదు.

లెక్క తప్పిందా, లేదే, ఒక్కో ఊపిరికి కిలోకి ఆరు మిల్లీలీటర్ల గాలి, మంచానికున్న కాటా నూట పది కిలోలంది, ఆరు వందల అరవై, మూడుసార్లు వేసింది, మూడుసార్లూ అంతే, మరెందుకా ఛాతీ అంతలా పొంగుతోంది, తలుపు దగ్గర ఏడుస్తూ ఆయన భార్య, ఊపిరి సరిగ్గా అందుతోందామ్మా, అందుతోందండీ, ఇంకాస్త ఎక్కువ పెట్టండమ్మా, లావు మనిషి కదా, అని ఆ ఏడుపులోనే కొంచెం నవ్వి, లావే గానీ పొట్టి, ఇంట్లో బల్బు మార్చాలంటే నన్నే స్టూలెక్కిస్తాడు అంది, తను తలూపి తిరిగొచ్చింది, మళ్లీ మోత, మళ్లీ బొత్తాం, ఈయన చచ్చిపోతే ఆ స్టూలు ఏమవుతుందోనని పిచ్చి ఆలోచన, పొట్టి, పొట్టి అందా.

ఎందుకో అమ్మ కుట్టుమిషను గుర్తొచ్చింది, మెడలో టేపు, నోట్లో గుండుసూదులు, పాత ఖాతాదారు ఒకాయన రెండేళ్లకు పొట్ట పెంచుకుని వచ్చాడు, పదో క్లాసు సెలవుల్లో తనే చొక్కా గుడ్డ కత్తిరించింది, నడుము దగ్గర వదులిచ్చినట్టే చేతులూ పొడుగిచ్చింది, తొడిగి చూస్తే వేళ్లు కనబడలేదు, అమ్మ సూదులు ఉమ్మేసి, ఏమే, బొజ్జ పెరిగితే చేతులు సాగుతాయా అని నెత్తిన ఒక్కటిచ్చింది, చేతులు సాగవు, మరి ఊపిరితిత్తులు, భగవంతుడా, పెద్ద డాక్టరు బోర్డు మీద రాసినదీ అదే కదా, కాటా బరువు కాదు, ఎత్తుకు తగ్గ బరువు, తను పుస్తకంలోకి ఎక్కించుకుంది గానీ బుర్రలోకి ఎక్కించుకోలేదు.

సిస్టర్, టేపు, ఏ టేపు, కొలిచే టేపు, త్వరగా, మడమ దగ్గర మీరు పట్టుకోండి, నడినెత్తి దాకా నూట యాభై ఐదు సెంటీమీటర్లు, ఆ ఎత్తుకు ఉండాల్సింది యాభై రెండు కిలోలు, ఆరుతో హెచ్చిస్తే మూడు వందల పన్నెండు, అయ్యో, రెట్టింపుకి పైగా కూరింది, గాలి తగ్గించింది, ఆ లోటు పూడేట్టు నిమిషానికి పన్నెండు ఊపిరుల్ని ఇరవై నాలుగు చేసింది, నలభై ఆరు, ముప్ఫై ఎనిమిది, ముప్ఫై ఒకటి, ఇరవై ఏడు, లోపల ఏమైనా చిరిగిందో లేదో ఎక్స్‌రే చెప్పాలి, పెద్ద డాక్టరుకీ తలుపవతల ఉన్నావిడకీ తనే చెప్పాలి, బొత్తాం మీదికి అలవాటుగా పోయిన వేలు గాల్లోనే ఆగింది, మోత లేదు, నోట్లో గొట్టంతో పలకలేక రెండు గంటలుగా అరిచింది ఈయనే, తను నొక్కుతూ వచ్చింది ఈయన నోరే.